ఏడో సూది

క్యాలెండర్ అట్టకు గుచ్చిన సూదులు ఆరే ఉన్నాయి.

రుక్మాబాయి మళ్ళీ లెక్కపెట్టింది. ఒక్కో సూదినీ వేలితో తాకుతూ, పైకి అంటూ లెక్కపెట్టింది. ఆరే. అట్ట వెనక్కి తిప్పి చూసింది. కింద పడిందేమోనని చీపురు అందుకుంది. స్టవ్ మీద చాయ్ పొంగి వాసన వస్తున్నా ఆమెకు తెలియలేదు.

"చాయ్ పొంగుతున్నదే! ఏం సూస్తున్నవ్ గాడ?" అన్నాడు కాశీరాం.

"సూది ఒకటి లేదు."

"పోతే పోయింది. ఇంకోటి కొనుక్కో."

"కొనుడు కాదు. నిన్న కోదాడమ్మ పట్టుకపోయిన బొంతల ఉన్నదేమోనని భయమైతున్నది."

కాశీరాం మొహం కడుక్కుంటున్నవాడల్లా ఆగిపోయాడు. ఆ బొంత ఎవరికోసమో అతనికీ తెలుసు. ఇరవై రోజుల పసిగుడ్డు, వాడి తల్లీ పడుకోవడానికి కుట్టించుకున్న బొంత అది.

వాళ్ళిద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీలో. ఆ మాటల్ని నేను తెలుగులో రాస్తున్నాను. 1991లో, ఎండలు ముదరక ముందు, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వెనక సందులోని ఒంటిగది కిరాయి ఇంట్లో జరిగిన సంగతి ఇది.

రుక్మాబాయి పుట్టింది త్రిపురారం దగ్గరి తండాలో. తండ్రి దేవ్‌సింగ్ కాలువ కింద కౌలు చేసేవాడు. తల్లి చేతికి సూదీ దారం ఎప్పుడూ అంటిపెట్టుకునే ఉండేవి. తండాలో బొంత కుట్టాలంటే ఇంటి ముందు అలికిన నేల మీద పాత చీరలు పరిచి, నాలుగు మూలలా నలుగురు ఆడవాళ్ళు కూర్చునేవారు. ఎవరి మూల నుంచి వాళ్ళు కుట్టుకొస్తూ నడుమ కలుసుకునేవారు. ఎనిమిదేళ్ళకే రుక్మాబాయికి ఒక మూల అప్పజెప్పారు. బొంతకు బల్ల అవసరమవుతుందని ఆ తండాలో ఎవరూ అనుకోలేదు.

పెళ్ళయ్యాక కాశీరాం మిల్లులో హమాలీ పనికి కుదిరాడు. ఉడకబెట్టిన వడ్లు ఆరబోసే గచ్చు మీద రుక్మాబాయికీ పని దొరికింది. నాలుగేళ్ళు చేసింది. 1987లో తవుడు గంప నెత్తిన పెట్టుకుని దిగుతూ గచ్చు అంచు నుంచి జారి పడింది. కుడి మోకాలి చిప్ప పగిలింది. సర్కారు దవాఖానలో కట్టు కట్టారు. కట్టు విప్పాక కాలు నిలిచింది గానీ మడత పడలేదు. కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. గచ్చు మీద పని పోయింది. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు.

అప్పుడే మిల్లు ఆఫీసులో పాత బల్ల ఒకటి తీసేస్తుంటే కాశీరాం అడిగి తెచ్చాడు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఒక కాలు పొట్టి, దాని కింద చెక్క ముక్క. మూలలకు రేకు కొట్టి ఉంది. గదిలో ఒక పక్క మంచం, ఒక పక్క బియ్యం డబ్బా, తలుపు పక్కన నీళ్ళ బిందెలు. మిగిలిన జాగా అంతా ఆ బల్లకే సరిపోయింది. దాని మీదే స్టవ్, దాని మీదే గిన్నెలు. పొద్దున వంటయ్యాక వాటిని మంచం కిందికి దింపి, బల్ల తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు కుట్టుకు దిగేది.

ఆరడుగుల బొంతను నాలుగడుగుల బల్ల మీద పరవడం ఎట్లాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు. మొదటి బొంత చెడిపోయింది. పై చీర ఒక వైపుకు, లోపలి పొరలు ఒక వైపుకు జారి, నడుమ గడ్డలు కట్టింది. విప్పి మళ్ళీ కుట్టింది. అదీ చెడింది. మూడోసారికి ఒక ఉపాయం తట్టింది. బల్ల సరిగ్గా నడుమ అగ్గిపుల్ల ముక్కను మెతుకుతో అంటించింది. ప్రతి పొరనూ నాలుగు మడతలు పెట్టి, నడిమి మూల ఆ పుల్ల మీద కూర్చునేటట్టు విప్పుకుంటూ పరిచింది. గుడ్డ పైనుంచి వేలితో తడిమితే పుల్ల తగిలేది. అట్లా నాలుగు పొరల నడుములూ ఒకచోటికి వచ్చాయి. బల్ల అంచుల్లో బట్టల క్లిప్పులు బిగించింది. వేలాడే బరువు గుంజకుండా ఒక పక్క మంచం పట్టె, ఇంకో పక్క బోర్లించిన గంపలు ఆసరా పెట్టింది.

తర్వాత నడుమ నుంచి బయటికి జానెడు జానెడు దూరంలో పొడుగు కుట్లు వేసేది. ఇవి కచ్చా కుట్లు. పొరలు కదలకుండా పట్టి ఉంచడానికే. అసలు కుట్టు పూర్తయ్యాక వీటిని లాగేస్తారు. బల్ల మీదున్న మేర అయిపోగానే వరస సగంలో ఆగేది. ఆ సూదిని దారంతో సహా అక్కడే గుచ్చి వదిలి, గుడ్డను జరిపి, ఇంకో సూదితో ఇంకో వరస ఎత్తుకునేది. అందుకే ఏడు సూదులు. పని ముగిశాక ఏడూ క్యాలెండర్ అట్టకు చేరాలి. లెక్క సరిపోకుండా ఆమె బొంతను గడప దాటించేది కాదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా దాటించలేదు.

నిన్న దాటించింది.

కోదాడమ్మ అని వీళ్ళు పిలిచే సత్యవతి మిల్లు యజమాని సుధాకర్‌కు వదిన, ఆయన భార్యకు అక్క. పెద్ద వ్యవసాయం, ఊళ్ళో పలుకుబడి ఉన్న ఇల్లు. ఆమె కూతురు ఇందుమతి సూర్యాపేట అత్తవారింటి నుంచి పురిటికి వచ్చి కొడుకును కన్నది. చనిపోయిన తన తల్లి నేత చీరలు మూడు, పంచె ఒకటి తెచ్చిచ్చి, "మనవడు మా అమ్మ చీరల మీద పడుకోవాలి, మెత్తగా కుట్టు" అని సత్యవతి చెప్పి వెళ్ళింది. శుక్రవారం ఇవ్వాలని మాట.

బుధవారం మధ్యాహ్నమే కారు వచ్చి సందు మొదట్లో ఆగింది. పంచాంగం చూసే అయ్యగారు ఉయ్యాల ముహూర్తం ముందుకు జరిపారట. అప్పటికి అసలు కుట్టు అయిపోయింది. అంచు ఒకటే మిగిలింది. సత్యవతి గుమ్మంలో నిలబడే ఉంది. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. రుక్మాబాయి అంచు ముగించి, కచ్చా దారాలు గబగబా లాగేసింది. ఒక దారం సగంలో తెగి వచ్చినట్టు చేతికి తెలిసింది. చూద్దామనుకునేలోపు సత్యవతి, "ఇక చాల్లే రుక్మా, బాగుంది, ఇటివ్వు" అంటూ చేయి చాపింది. ఇచ్చేసింది.

ఇప్పుడు ఆ తెగిన దారమే ఆమెకు గుర్తొస్తోంది.

గదంతా వెతికారు. మంచం ఎత్తారు, బిందెలు జరిపారు, గంపలు దులిపారు. చెత్తలో నిన్నటి దారాలు దొరికాయి. వాటిలో ఒకటి మిగతావాటి కంటే పొట్టిగా ఉంది. దాని కొస చీకిపోయినట్టుంది. బల్ల మూల రేకుకు రాసుకుని తెగి ఉంటుంది. గుడ్డను జరిపినప్పుడు సూది పొరల మధ్యకు జారిపోయింది, దాని మీదనుంచే ఆమె అసలు కుట్టు వేసేసింది.

"నేను కోదాడ పోతున్న," అంది.

"పోయి ఏమంటవ్? మీ పిల్లగాని పక్కల సూది పెట్టిన అంటవా?" కాశీరాం గొంతు పెరిగింది. "ఆమె ఎవరో మర్శినవా? రేపు పొద్దున నన్ను మిల్లు గేటు కాడనే ఆపుతరు. లోపల ఉన్నదో లేదో నీకే తెల్వదు. ఊకుండరాదు?"

"గుచ్చుకుంటే?"

"గన్ని కుట్ల నడుమ సూది యాడికి కదులుతది?"

"కదులుతది. తొక్కినకొద్దీ, దులిపినకొద్దీ కదులుతది. కుట్టేదాన్ని నాకు తెల్వదా?"

కాశీరాం తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఇంటి యజమానురాలు గొడవ విని బయటికొచ్చి, సంగతి అడిగి తెలుసుకుంది. "మిల్లు ఆఫీసుల ఫోన్ ఉన్నది కదనే. చెప్పి చేయించు. బస్సుల పడి పోయేదాంక ఎందుకు?" అంది.

రుక్మాబాయి కాలు ఈడ్చుకుంటూ మిల్లుకు వెళ్ళింది. సుధాకర్ ఊళ్ళో లేడు. గుమాస్తా జగదీశ్ సంగతంతా విని, ఫోన్ వైపు చేయి కూడా చాపలేదు.

"సేటు లేకుండ వాళ్ళింటికి నేను గిసొంటి ఫోన్ చెయ్య. చేసినాక లొల్లయితే నా మీదికొస్తది. నువ్వు చెప్పినట్టే లేదు, నేను విన్నట్టే లేదు. ఇంటికి పో."

ఆమె ఇంటికి పోలేదు. బస్టాండు దారి పట్టింది. మిల్లు గోడ దాటుతుండగా వెనక నుంచి పరుగు చప్పుడు. కాశీరాం. చేతిలో బరువైన గుండ్రటి సూదంటురాయి. వడ్లలో కలిసిన మేకుల్ని, ఇనప ముక్కల్ని పట్టడానికి మిల్లులో వాడేలాంటిది. ఫిట్టర్ కాటయ్యను అడిగి తెచ్చాడు.

"సాయంత్రం వరకు వాపస్ ఇయ్యాలె," అన్నాడు. రాయి ఆమె చేతిలో పెట్టి, మళ్ళీ మిల్లు వైపు పరుగెత్తాడు.

కోదాడ బస్సు పది దాటాక కదిలింది. రుక్మాబాయి కాలు మడవలేక సీటు పక్కకు చాపి కూర్చుంది. దాటేవాళ్ళంతా విసుక్కున్నారు. హుజూర్‌నగర్‌లో డ్రైవర్ దిగి చాయ్‌కి వెళ్ళాడు. పది నిమిషాలయింది, పావుగంటయింది. ఆమె లేచి కిటికీలోంచి తొంగిచూసింది. హోటల్ ముందు అతను ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"అన్నా, జర బస్సు తియ్యవా? పసిపిల్లగాని పానం సంగతి!" అని గట్టిగా అరిచింది.

బస్సులో అందరూ ఆమె వైపు చూశారు. పిల్లాడేడని ఒకామె అడిగింది. రుక్మాబాయి ఒడిలోని సూదంటురాయిని కొంగుతో కప్పి, మోకాలిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. పిల్లాడు బొంత మీద బోర్లా పడుకుంటాడా, వెల్లకిలా పడుకుంటాడా? ఇరవై రోజుల వాడు బోర్లా ఎట్లా పడతాడు? వీపే ఆనుతుంది. వీపు, తల. తల మాట తలుచుకోగానే ఆమె కళ్ళు మూసుకుంది.

కోదాడలో సత్యవతి ఇల్లు అడిగితే ఎవరైనా చెబుతారు. గేటు లోపల పందిరి వేస్తున్నారు. వాకిట్లో ఆడవాళ్ళు అరిసెలకు పిండి దంచుతున్నారు. రుక్మాబాయి మెట్ల దగ్గరే ఆగి పిలిచింది. సత్యవతి నవ్వుతూ బయటికొచ్చింది.

"ఏంటి రుక్మా, ఉయ్యాల రేపయితే ఇయ్యాలే వచ్చావు? కూర్చో, ఏమన్నా తిని పోదువు."

"అమ్మా, బాబు యాడున్నడు? బొంత మీదున్నడా?"

"అవును, నిన్న రాత్రి నించీ దాని మీదే. ఇందు మళ్ళీ తీయనీయట్లేదు. ఏం?"

"వెంటనే లేపుండ్రి. బొంతల సూది ఉన్నది."

రోకళ్ళు ఆగిపోయాయి. సత్యవతి లోపలికి పరుగెత్తింది. రుక్మాబాయి గుంజ పట్టుకుని మెట్లెక్కి, ఎవరూ రమ్మనకుండానే వెనక నడిచింది.

పెరటి వైపు గదిలో ఇనప మంచం మీద బొంత. బొంత మీద పిల్లాడు. సత్యవతి వాడిని ఒక్క ఉదుటున ఎత్తుకుంది. నిద్ర చెడి పిల్లాడు గుక్కపట్టాడు. పక్కన జడ వేసుకుంటున్న ఇందుమతికి ఏమీ అర్థం కాలేదు. "ఏమైందమ్మా?" అంటూ లేచి నిలబడింది.

రుక్మాబాయి సూదంటురాయిని బొంతకు ఆనించింది. ఎక్కడ పెట్టినా లాగుతోంది. రెండుసార్లు తిప్పాక తెలిసింది, అది లాగుతున్నది సూదిని కాదు, మంచాన్ని. బొంత తీసి నేల మీద పరవమంది. పరిచారు. ఆమె కింద కూర్చోలేదు. కుడి కాలు చాపి, మోచేతుల మీద ఒరిగి, నేల మీద బోర్లా పడుకుంది. ఒక చేత్తో రాయి జరుపుతూ, ఇంకో అరచేతిని గట్టిగా అదుముతూ పైనుంచి కిందికి వెతకసాగింది. గుచ్చుకుంటే గుచ్చుకోనీ అన్నట్టు అదిమింది.

సగం బొంత అయింది. ఏమీ లేదు.

సత్యవతికి భయం పోయి కోపం వచ్చింది. "నిజంగా ఉందా, లేక నీ అనుమానమా? రేపు శుభకార్యం పెట్టుకుని ఇంట్లో ఇట్లాంటి మాట అనొచ్చా? వాకిట్లో నలుగురి ముందు అరుస్తావా?"

"అమ్మా, లేకుంటే నన్ను తిట్టుండ్రి. జర ఆగుండ్రి."

"ఇంక వద్దు. దీన్ని తీసుకెళ్ళి కాల్చిపడేస్తాను. మా అమ్మ చీరలు కూడా దక్కకుండా చేశావు."

అప్పుడు ఇందుమతి నెమ్మదిగా నోరు విప్పింది. "అమ్మా, రాత్రి వీణ్ణి గోడ వైపు పడుకోబెడితే చాలు, ఉలిక్కిపడి ఏడ్చాడు. ఇటు జరిపితే ఊరుకున్నాడు. చీమ కుట్టిందేమో అనుకున్నాను." పిల్లాడి ఎడమ కాలి గుడ్డ విప్పి చూపించింది. మడమ మీద ఎర్రటి చుక్క. ఆవగింజంత.

రుక్మాబాయి తలెత్తి ఆ చుక్కను చూసింది.

"గోడ దిక్కు ఏ అంచు ఉండె?" అడిగింది రుక్మాబాయి.

ఇందుమతి కూడా నేల మీద కూర్చుని, బొంతను అటూ ఇటూ తిప్పి, తన అమ్మమ్మ ఆకుపచ్చ చీర అంచు గుర్తుపట్టి చూపించింది. "ఇక్కడ వాడి కాళ్ళుంటాయి."

రుక్మాబాయి రాయిని అక్కడ పెట్టి చాలా మెల్లగా జరిపింది. ఒకచోట చేతికి చిన్న గుంజుడు తగిలింది. ఆపింది. వెనక్కి జరిపింది. మళ్ళీ గుంజింది. అరచేయి పెట్టి అదిమితే సన్నటి మొన చర్మానికి తగిలింది.

"బ్లేడు తెండ్రి."

నాలుగు కుట్లు కోసింది. ఐదోది కోస్తుండగా గుడ్డ జరిగింది. ఇందుమతి బొంత అంచును రెండు చేతులా బిగించి పట్టుకుంది. పై చీర ఎత్తితే, రెండో పొరలో ఏటవాలుగా, మొన పైకి చూస్తూ సూది. చెవిలో రెండంగుళాల తెల్లదారం ఇంకా వేలాడుతోంది. రుక్మాబాయి దాన్ని తీసి, విరగలేదు కదా అని వెలుతురులో పట్టి చూసింది. మొన సరిగానే ఉంది. అంతా ఉంది. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. నేల మీద పడుకునే ఏడ్చింది. లేవడానికి ఇందుమతి ఒక పక్క, పిండి దంచే ఆమె ఒక పక్క పట్టారు.

పిల్లాణ్ణి కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. రుక్మాబాయి గేటు బయట ఎండలో నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె వెళ్ళాలనీ అనుకోలేదు. గంట గడిచింది. కారు వచ్చి ఆగగానే ఆమె సత్యవతి ముఖం చూసింది.

"పైపైన గీరుకుందట. మందు రాశారు. భయం లేదన్నారు," అంది సత్యవతి. కారు దిగి, "వచ్చి చెప్పావు, అంతవరకు మంచిదే. ఇక నువ్వు మా ఇంటికి కుట్టకు," అంది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట మిర్యాలగూడకు ఆమె కంటే ముందే చేరింది. సుధాకర్ భార్యకు అక్క ఫోన్ చేసింది. మర్నాడు కాశీరాంను గేటు దగ్గరే ఆపి, పిలిచినప్పుడు రమ్మన్నారు. ఇరవై రోజులు పిలవలేదు. అతను మాడుగులపల్లి వైపు కూలికి పోయాడు. ఇంట్లో రెండు ముక్కల కంటే ఎక్కువ మాట్లాడేవాడు కాదు. సందులో వాళ్ళు బొంతలకని ఇచ్చిన చీరలు వెనక్కి అడిగారు. "మా ఇంట్ల కూడ పిల్లలున్నరు రుక్మా, ఏమనుకోకు" అన్నారు. ఆమె మడతపెట్టి ఇచ్చేసింది.

బల్ల మీద స్టవ్ రోజంతా అట్లాగే ఉండిపోయింది. ఒక్కోనాడు ఆమెకు కాశీరాం మాటే నిజమేమో అనిపించేది. ఊరుకుని ఉంటే? ఆ వెంటనే ఆ మడమ మీది ఎర్రచుక్క కళ్ళ ముందుకొచ్చేది. ఇంటి యజమానురాలితో ఒకసారి అన్నది: "అక్కా, పోయినందుకు బాధ లేదు. లెక్కపెట్టకుండ ఇచ్చిన కదా, గదే మర్శిపోలేకపోతున్న."

కాశీరాంను మిల్లు మళ్ళీ పిలిచింది, కోతలొచ్చి మనుషులు చాలక. వానాకాలం వెళ్ళాక ఒకరోజు సూర్యాపేట నుంచి ఒక నడివయసు ఆడమనిషి సంచితో వచ్చింది. ఇందుమతి వాళ్ళ వీధిలో ఉంటుందట. మనవరాలికి బొంత కావాలంది.

"నా సంగతి ఆమె చెప్పలేదా?" అడిగింది రుక్మాబాయి.

"అంతా చెప్పింది. బస్సుల పడి వచ్చి చెప్పిందట కదా, అట్లాంటామెకే ఇస్తా అని నేనే అన్న. కోసిన కుట్లు ఇందుమతి తనే వేసుకున్నది. ఆ బొంత మీదనే పండుకుంటున్నడు వాడు."

రుక్మాబాయి చీరలు తీసుకుంది. కానీ ముందే చెప్పేసింది: కుట్టయినాక మూడు రోజులు తన దగ్గరే ఉంచుకుని తడిమి చూసుకుంటుంది, కారొచ్చినా, కలెక్టరొచ్చినా ఇవ్వదు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళకూ అదే చెప్పింది. కొందరు పొగరనుకుని వెళ్ళిపోయారు. సూర్యాపేట నుంచి మాత్రం ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు.

సూర్యాపేట ఆమె చీరలిచ్చి వెళ్ళిన వారమే కాశీరాం భుజాన రెండు చెక్కపలకలు మోసుకొచ్చాడు. వెనక కాటయ్య, చేతిలో సుత్తి, నాలుగు మడత బందులు. ఇద్దరూ పొద్దంతా తంటాలు పడి బల్లకు రెండు పక్కలా పలకలు బిగించారు. ఎత్తితే బల్ల ఆరడుగులవుతుంది, దింపితే మళ్ళీ నాలుగడుగులే. మూలల రేకు కూడా కాశీరాం పీకేసి, ఆకురాయితో నున్నగా రుద్దాడు.

పలకలు రెండూ ఎత్తి చూసేసరికి తలుపు మూతపడటం లేదు.

"గిప్పుడు స్టవ్ యాడ పెట్టుకోవాలె? బయటికి పోవాలంటే బల్ల కింద నుంచి దూరాల్నా?" అంది రుక్మాబాయి.

"దూరుదాం తియ్," అన్నాడు కాశీరాం. "నీ కాలు వంగదు గనక నేనే దూరుత. నువ్వు లోపల కూసోని కుట్టు."

చాలా రోజుల తర్వాత అతను అంత పొడుగు మాట మాట్లాడాడు. ఆమె సంచిలోంచి మొదటి చీర తీసి, నాలుగు మడతలు పెట్టడం మొదలుపెట్టింది.